పదికి రెండు

మా కాంచనకు ఉద్యోగం ఇస్తున్నట్టు కాగితం వచ్చిన రోజు ఇంట్లో అందరూ మైసూర్‌పాక్ తిన్నారు. నేను వంటింట్లో పీట వేసుకుని, ఆ ఉద్యోగంలో మా అమ్మాయికి ఏమేం జరగవచ్చో ఒకటొకటిగా తలుచుకున్నాను. కుక్క కరవవచ్చు. రొయ్యల గుంటల గట్టు మీద కాలు జారవచ్చు. హైవే దాటేటప్పుడు లారీ రావచ్చు. బయటి తిండి పడక కామెర్లు రావచ్చు. ఎవరింటి గొడవలోనో మధ్యకు పోయి తలకు కట్టుతో తిరిగి రావచ్చు. అలా పదకొండు తేలాయి. పన్నెండోది కూడా ఆలోచించి పెట్టుకోమనీ, లేకపోతే రేపు నాకు పొద్దుపోదనీ మా ఆయన అన్నారు.

పన్నెండోది నాకు తట్టలేదు. వచ్చింది అదే. మా అమ్మాయికి విశ్రాంతి వచ్చి పడింది.

కాంచన పని చేసేది మా ఊళ్ళో ఉన్న సమాజ సంరక్షణ కేంద్రంలో. బడికి పోని పిల్లలు ఎక్కడున్నారు, పింఛను అందని ముసలివాళ్ళు ఎవరు, మొగుడు తన్ని తరిమేసిన ఆడది ఏ అరుగు మీద ఉంది, ఇవన్నీ ఇల్లిల్లూ తిరిగి చూసి, వాళ్ళ తరఫున కాగితం రాసి, ఆ కాగితం కదిలేదాకా వెంటపడడం దాని పని. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతో నాకు అర్థమైందేమిటంటే, ఊరందరి కష్టాలూ మా అమ్మాయి స్కూటీ వెనకాల ఎక్కి తిరుగుతుంటాయి. అందుకని రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేనే ఆఫీసుకు వెళ్ళేదాన్ని. కనీసం కామెర్ల సంగతి నా చేతిలో ఉంటుంది కదా అని.

జూన్ మొదటి సోమవారం నేను వెళ్ళేసరికి, ప్రాజెక్టు అధికారి చిదంబరరావు గారు అందరినీ వరసగా నిలబెట్టి పైనుంచి వచ్చిన ఉత్తర్వు చదువుతున్నారు. ఆయన మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. పైనుంచి ఏది వచ్చినా కళ్ళకు అద్దుకుని అమలు చేస్తారు. ఏ ఉత్తర్వునైనా ఒక్కసారే చదువుతారు. రెండోసారి చదివితే పైవాళ్ళను అనుమానించినట్టు అవుతుందట.

ఉత్తర్వులో రెండు భాగాలున్నాయి. సేవ చేసేవాళ్ళ మనసుల్లో వాళ్ళకే తెలియకుండా తేడాలు దాక్కుని ఉంటాయట. కులం తేడా, రంగు తేడా, భాష తేడా, ఏ ఊరివాళ్ళన్న తేడా. వాటిని ఎవరికి వాళ్ళు రోజూ వెతికి పట్టుకోవాలని మొదటి భాగం. అలా పట్టుకున్నవాళ్ళు తమను తాము జాగ్రత్తగా చూసుకోవాలని రెండో భాగం. ఈ రెంటికీ ముడి ఎక్కడుందో చిదంబరరావు గారు గొంతు సవరించుకుని చదివి చెప్పారు.

"తేడాను వెతుకుట వలన ఉద్యోగి మనసు అలసిపోవును. అలసిన ఉద్యోగి మరల తేడా చూపును. కావున అలసట పూర్తిగా తీరిన పిమ్మటనే ప్రజలను కలువవలెను."

నాకు తప్పేమీ కనపడలేదు. ఎవరినీ తక్కువగా చూడొద్దంటున్నారు, పిల్లల్ని కాస్త విశ్రాంతిగా ఉండమంటున్నారు. ఇందులో భయపడాల్సింది ఏముంది. ఏమీ లేనప్పుడే నాకు ఎక్కువ భయం. క్యారేజీ బల్ల మీద పెట్టి, అన్నం చల్లారకముందే తినమని కాంచనకు సైగ చేసి వచ్చేశాను.

మర్నాటి నుంచీ ఒక్కొక్కరికీ ఒక ఆత్మపరిశీలన పుస్తకం ఇచ్చారు. పొద్దున రాగానే, నిన్న తనలో ఏ తేడా కనపడిందో అందులో రాయాలి. పేజీ ఖాళీగా ఉంచరాదు. మొదటి రోజు ఎవరికీ ఏమీ కనపడలేదు. కానీ పేజీ ఉంది. అందుకని గుమాస్తా గారు తనకు దోసకాయ పప్పు అంటే చిన్నచూపు ఉందని రాశారు. అటెండరు మస్తానయ్య, కిటికీ పక్కనున్న ఫ్యాను కంటే తలుపు పక్కనున్న ఫ్యాను అంటే తనకు పక్షపాతం అని రాయించాడు. చిదంబరరావు గారు రెండూ చదివి, కళ్ళు తుడుచుకుని, ఇంత నిజాయితీ తన సర్వీసులో చూడలేదన్నారట. కాంచన ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. దోసకాయ పప్పు చేసింది నేనే, గుమాస్తా గారికి ఒక గిన్నె ఇచ్చిందీ నేనే.

తర్వాత వంతు మంచినీళ్ళది. అప్పటిదాకా ఆఫీసులో ఉద్యోగులకు స్టీలు గ్లాసులు, వచ్చేవాళ్ళకు కాగితం కప్పులు ఉండేవి. ఇది తేడా అని కాంచనే రాసింది, నిజంగానే. చిదంబరరావు గారు రోజంతా ఆలోచించారు. అందరికీ స్టీలు గ్లాసులంటే గ్లాసులు చాలవు. అందరికీ కాగితం కప్పులంటే సిబ్బందికి గౌరవం కాదు. ఆఖరికి నీళ్ళ డ్రమ్మునే తీయించేశారు. ఎవరికీ లేని చోట తేడా ఎక్కడిదని ఆయన అన్నారట.

ఆ వారంలోనే కాంచన ఒక పిల్ల తరఫున కాగితం రాసింది. కాలవ గట్టున యానాదుల గుడిసెల్లో ఉండే మణెమ్మ కూతురు బుజ్జమ్మ. పదేళ్ళు. మణెమ్మ మొగుడు ఏటా జూలై నుంచి రొయ్యల గుంటలకు కాపలా. సముద్రం పక్కన గుంట మీదే గుడిసె వేసుకుని, కుటుంబమంతా అక్కడే ఉండి, పగలనకా రేయనకా కాచుకోవాలి. అక్కడికి బడి పన్నెండు మైళ్ళు. గుంటల మీద పెరిగిన పిల్లలకు మేత చల్లడం వస్తుంది, పేరు రాయడం రాదు. బుజ్జమ్మకు గిరిజన గురుకులంలో సీటు వస్తే అక్కడే ఉండి చదువుకుంటుంది. జూన్ ముప్పైలోగా కాగితం అందాలి. అందకపోతే జూలై ఒకటిన గుంటల ఆసామి ట్రాక్టరు పంపిస్తాడు, గుంటల దగ్గరికి పోవడానికి పిల్లతో సహా అందరూ ఎక్కాలి.

కాంచన గుడిసెకు వెళ్ళి చూసి, పిల్లతో మాట్లాడి, రిపోర్టు రాసి చిదంబరరావు గారి ముందు పెట్టింది. ఆయన ఒక గడి దగ్గర ఆగిపోయారు. అక్కడ "తెగ" అని ఉంది. కాంచన "యానాది" అని నింపింది.

కొత్త విధానం ప్రకారం మనం ఎవరి కులమూ తెగా అడగరాదని ఆయన అన్నారు. ఆ సీటు ఉన్నదే ఆ తెగల పిల్లలకని కాంచన అంది. అందుకే అసలు అడగరాదని ఆయన అన్నారు. అడిగితే ఆ పిల్లను వేరుగా చూసినట్టు అవుతుందట. ఆయన తన సొంత పెన్నుతో ఆ మాట కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో "మనిషి" అని రాశారు. రాసి, కాసేపు దాన్నే చూసుకున్నారట. ఆయన కళ్ళలో మళ్ళీ నీళ్ళు.

గురుకులం నుంచి ఆ కాగితం ఐదో రోజుకు తిరిగి వచ్చింది. ఈ పాఠశాలలో మనిషి కేటగిరీ కింద సీట్లు లేవు, మరల విచారణ జరిపి కొత్త నివేదిక పంపగలరు అని ఎర్ర సిరాతో రాసి ఉంది. కొత్త నివేదిక అంటే కాంచన మళ్ళీ గుడిసెకు వెళ్ళి రావాలి. అప్పటికి కాంచన ఎక్కడికీ వెళ్ళే స్థితిలో లేదు. అది నా వల్ల. కానీ అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

జరిగిందేమిటంటే, రెండో భాగం కింద ఇంటికి ఒక ఫారం వచ్చింది. ఉద్యోగి నిద్ర, తిండి, నవ్వు, మనశ్శాంతి, నాలుగూ పదికి ఎన్నో రోజూ వెయ్యాలి. కింద తల్లి సంతకం. ఉద్యోగులైతే తమ అలసట దాచుకుంటారనీ, తల్లి దాచలేదు కాబట్టి ధ్రువీకరణ తల్లి చేతనే చేయించవలెననీ పైన రాసి ఉంది. తల్లి లేనివాళ్ళు, పెళ్ళయి దూరంగా ఉన్నవాళ్ళు, అత్తగారి చేత రాయించుకోవచ్చు.

నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కాంచన ఆ రోజు మూడు ఇడ్లీలు తిని నాలుగోది అడిగింది. హాయిగా నిద్రపోయింది. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కాగితం మీద పెట్టి, సంతకం చేసి, పదిమంది కళ్ళు పడేలా ఆఫీసుకు పంపుతామా. పక్కింటివాళ్ళు మీ అమ్మాయి కళగా ఉందండీ అంటే, ఎక్కడండీ చిక్కి సగమైతేనూ అంటాం. అని, వాళ్ళు వెళ్ళగానే ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తిప్పి పొయ్యిలో వేస్తాం. కాంచనకు ఏడేళ్ళప్పుడు ఒక్కసారి నేను నోరు జారాను. మా పిల్లకు ఇంతవరకు జ్వరమంటే ఏమిటో తెలియదు అని బావి దగ్గర అన్నాను. మర్నాటికి టైఫాయిడ్. ఇరవై ఒక్క రోజులు. అప్పటినుంచి నా పిల్ల బాగుంది అన్న మాట నా నోట్లోంచి రాలేదు.

నిద్ర మూడు వేశాను. తిండి రెండు. నవ్వు రెండు. మనశ్శాంతి దగ్గర ఒకటి వేసి, మరీ తక్కువైందేమోనని రెండు చేశాను.

తర్వాత తెలిసింది, ఆఫీసులో తల్లులందరూ అదే చేశారు. మస్తానయ్య తల్లికి ఎనభై దాటాయి. ఆమె నాలుగింటికీ సున్నాలు వేయించి, వీడు పుట్టినప్పటినుంచీ ఇంతే అని పక్కన రాయించి వేలిముద్ర వేసింది. గుమాస్తా గారి తల్లి ఒక రోజు రాసిందే నెల రోజులూ రాసింది. ఒక్క టైపిస్టు సరళకు మాత్రం నాలుగింటికీ పదికి పది. ఆమె ఫారం రాసేది వాళ్ళ అత్తగారు. బాగా పడుకుంటుంది, బాగా తింటుంది, ఫోను పట్టుకుంటే బాగా నవ్వుతుంది, ఏ చింతా లేదు, అని ఒక్కో గడి పక్కన వివరంగా రాసేదట.

నాలుగు లోపు వచ్చినవాళ్ళు అలసిన కేటగిరీ. వాళ్ళు ప్రజలను కలవరాదు. ఎనిమిది దాటిన రోజునే మళ్ళీ బయటికి పోవాలి. అలా సరళ తప్ప కేంద్రమంతా విశ్రాంతిలోకి వెళ్ళింది. హాల్లో బల్లలు జరిపి చాపలు పరిచారు. వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ అడ్డమని వెనక షెడ్డులో పడేశారు. సరళ ఒక్కతే కంప్యూటరు ముందు కూర్చుని, కొత్తగా టైపు చేయడానికి ఏమీ లేక, పాత ఉత్తర్వులే అక్షరం తప్పకుండా మళ్ళీ మళ్ళీ కొడుతూ ఉండేది. గుమ్మానికి ఒక బోర్డు కట్టారు: "విశ్రాంతి జరుగుచున్నది. దయచేసి సమస్యలు వినిపించవద్దు."

మొదట్లో నాకు సంతోషంగానే ఉంది. కుక్క లేదు, లారీ లేదు, గుంట గట్టు లేదు. పదకొండులో పది పోయాయి. వారం తిరిగేసరికి కాంచన మొహం మారింది. ఇంటికి వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటుంది. పిలిస్తే రెండోసారికి పలుకుతుంది. నాలుగో ఇడ్లీ అడగడం మానేసింది. నిద్ర మూడును కూడా రెండు చేశాను.

ఇరవై ఐదో తేదీ మధ్యాహ్నం క్యారేజీతో వెళ్తే, మెట్ల మీద ఒక ఆడమనిషి, పక్కన ఒక పిల్ల. పిల్ల బోర్డు మీది అక్షరాలు చూసి వేలితో గాల్లో గీస్తోంది. చదవడం రాకపోయినా ఆకారాలు పట్టుకుంటోంది. ఎన్నాళ్ళనుంచి వస్తున్నావని అడిగాను. నాలుగు రోజులట. పేరు మణెమ్మ అనగానే, కాంచన చెప్పిన మనిషి ఈమేనని తెలిసింది.

"రేపు రమ్మన్నారమా. రేపొస్తే మనసు బాలేదంట, ఎల్లుండి రమ్మన్నారు. ఇంతమందికి ఒక్కసారే మనసు బాలేకుండా పోయిందే, ఊళ్ళో ఏందన్నా జరిగిందా?" అని అడిగింది.

ఏమీ జరగలేదన్నాను. పిల్లకు దాహంగా ఉందంటే సంచీలో సీసా తీశాను. మణెమ్మ దోసిలి పట్టింది, నేను పైనుంచి పోశాను. తర్వాత పిల్ల దోసిలి పట్టింది. పోశాను. సంచీలో గ్లాసు ఉంది. కాంచన కోసం తెచ్చిన గ్లాసు. దాన్ని నేను తియ్యలేదు, వాళ్ళు అడగనూ లేదు. మా ముగ్గురిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. సీసా మూత పెడుతున్నప్పుడు ఆ పుస్తకం గుర్తుకొచ్చింది. దోసకాయ పప్పూ, తలుపు పక్క ఫ్యానూ రాసుకున్న పుస్తకం. అందులో రాయదగ్గది ఒకటి నా దగ్గర ఉంది. నాకు పుస్తకం ఇవ్వలేదు. మర్నాటి నుంచి సంచీలో మూడు గ్లాసులు పెట్టుకుని వెళ్ళాను.

సరిగ్గా మూడు గంటలకు లోపలినుంచి పెద్ద నవ్వు వినపడింది. అందరూ కలిసి, ఆగకుండా, చాలాసేపు. మణెమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"మమ్మల్ని చూసేనా అమా?"

"కాదులే. వాళ్ళకు టైమయింది" అన్నాను.

నిజానికి అది కొత్త ఉత్తర్వు. ఇంత విశ్రాంతి ఇచ్చినా మార్కులు పెరగడం లేదని పైనుంచి అడిగారట. దాంతో సంరక్షణ తీవ్రతరం చేశారు. పొద్దున గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం, మధ్యాహ్నం మూడుకు నవ్వు, నాలుగుకు మౌనం. నీళ్ళ డ్రమ్ము తీసేశారు కాబట్టి కాళ్ళకు నీళ్ళు మస్తానయ్య వీధి కుళాయి నుంచి మోసుకొచ్చేవాడు. అతనికి అసలే సున్నా. ఆకలి, బాకీ, రేషను, మొగుడు వంటి మాటలు ఉద్యోగుల చెవిన పడకూడదని కిటికీలు కూడా మూయించారు.

ఆ పదిహేను రోజుల నివేదికలో వివక్ష ఫిర్యాదులు అన్న గడిలో సున్నా వచ్చింది. ఎవరినీ కలవలేదు కాబట్టి ఎవరినీ తక్కువ చేసి చూడలేదు. జిల్లాలో ఇంత స్వచ్ఛమైన కేంద్రం ఇదొక్కటేనని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. చిదంబరరావు గారు దాన్ని చదువుతుంటే నేను గుమ్మంలో ఉన్నాను.

"వివక్షకు మూలమేమిటని మనం ఇన్నాళ్ళూ వెతికితిమి. సేవయే మూలమని ఇప్పుడు తేలినది" అన్నారాయన. అందరూ చాపల మీద పడుకునే చప్పట్లు కొట్టారు. కాంచన కొట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఇరవై ఎనిమిది సాయంత్రం నేను గడప మీద కూర్చుని ఫారం నింపబోతుంటే, కాంచన వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, బుజ్జమ్మ రిపోర్టు ఆగింది నీ మార్కుల వల్ల."

నాకు అర్థం కాలేదు. ఎనిమిది దాటితే గాని బయటికి పంపరనీ, నేను వేసేది రెండనీ చెప్పింది. పదిసార్లు చెప్దామనుకుని ఆగిందట. నేను భయపడతానని.

"చిక్కిపోయావు గదే మరి" అన్నాను.

"ఈ నెలలో మూడు కిలోలు పెరిగాను."

"గట్టిగా అనబాకే."

అది నవ్వలేదు. నా చేతిలో ఫారం వైపు చూస్తూ, ఎల్లుండే ఆఖరు తేదీ అంది. "నీకు పదకొండు భయాలున్నాయి గదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కటీ జరగలేదు. మణెమ్మకు ఒక్కటే ఉంది. అది బుధవారం ట్రాక్టరెక్కి వస్తది."

ఆ రోజు ఫారం నింపకుండా మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. నాకు పది వేయడమంటే మాటలు కాదు. ఒక గడిలో పది వేసినా కాస్త భయపడి ఊరుకుందును. నాలుగు గడుల్లో నాలుగు పదులు, కింద నా సంతకం. బావి దగ్గర ఒక్క మాటకే ఇరవై ఒక్క రోజులు పట్టింది.

మర్నాడు క్యారేజీలో పెరుగన్నం, నంజుకోవడానికి ఊరమిరపకాయలు పెట్టాను. మెట్ల మీద మణెమ్మ, బుజ్జమ్మ ఉన్నారు. గ్లాసుల్లో నీళ్ళు పోసి ఇచ్చి, వాళ్ళ పక్కనే కూర్చుని, ఫారం ఒళ్ళో పెట్టుకున్నాను. సంగతంతా మణెమ్మకు చెప్పాను. నేను రెండు వేస్తూ వచ్చినదీ చెప్పాను. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె నా వంక చూసి, "మరి ఎయ్యవా అక్కా? బిడ్డ గదా" అంది. అమా అనడం మానేసి అక్కా అనడం అప్పుడే.

నిద్ర పది. తిండి పది. నవ్వు దగ్గర ఆగాను. బుజ్జమ్మ నా భుజం మీదుగా తొంగి చూస్తూ, అది ఒకటి, దాని పక్కన గుండు సున్నా అంది. వేశాను. మనశ్శాంతి పది. కింద అనసూయమ్మ అని సంతకం చేశాను. చేసి కళ్ళు మూసుకున్నాను.

మణెమ్మ క్యారేజీ మూత తీసి మూడు ఊరమిరపకాయలు పట్టుకుంది. కాంచనను బయటికి పిలవమంది. కాంచన వచ్చి మెట్టు మీద నిలబడింది. మణెమ్మ ఆ మిరపకాయలను దాని చుట్టూ మూడుసార్లు ఇటూ, మూడుసార్లు అటూ తిప్పి, ఊరివాళ్ళ కళ్ళూ, ఇరుగుపొరుగు కళ్ళూ, ఆఫీసోళ్ళ కళ్ళూ పోవాలని గొణిగి, ఆవరణ మూలన మండుతున్న చెత్తమంటలో వేసింది. ఘాటు లోపలికి పోయి, చాపల మీదున్నవాళ్ళందరూ ఒక్కసారిగా తుమ్ముతూ లేచారు. నెల రోజుల్లో ఆ ఆఫీసులో అంత చురుకు అదే మొదటిసారి.

చిదంబరరావు గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చారు. ఇదేమిటన్నారు. సంరక్షణ సార్ అని కాంచన చెప్పింది. ఆయన ఫారం తీసుకుని చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మగారూ, మొన్న రెండు, ఈ దినము పది. మధ్యలో ఏమి సంభవించినది?"

"విశ్రాంతి పని చేసింది సార్" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. ఈ కేంద్రంలో కోలుకున్న మొట్టమొదటి ఉద్యోగిని అని తన పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నారు. గుడిసెకు వెళ్ళడానికి కాంచనకు అనుమతి ఇచ్చారు. తెగ గడి సంగతి మాత్రం అలాగే ఉంది. అడగరాదంటే అడగరాదు.

అప్పుడు మణెమ్మ లేచి నిలబడింది.

"నువ్వు అడగబళ్ళా సార్. నేనే చెప్తా. మేం యానాదోళ్ళం. ఆ మాట వల్ల మాకు పోయినయి శానా ఉండాయి. ఒకటి వస్తా ఉంటే మీరు దాస్తారేంది?"

చిదంబరరావు గారు లోపలికి వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకుని, మెట్ల మీదే నిలబడి చదివారు. మొత్తం చదివారు. తన సర్వీసులో ఒక ఉత్తర్వును ఆయన రెండోసారి చదవడం అదే మొదలని మస్తానయ్య తర్వాత చెప్పాడు.

"అడగరాదని ఉన్నది. చెప్పినచో వినరాదని లేదు" అన్నారు చివరికి, చాలా పెద్ద బరువు దించినట్టు.

కాంచన ఆ మధ్యాహ్నమే స్కూటీ వెనక మణెమ్మనూ పిల్లనూ ఎక్కించుకుని వెళ్ళింది. ముగ్గురు ఒక బండి మీద. హైవే దాటాలి. నేను మెట్ల మీద కూర్చుని లారీలు చూస్తూ ఉన్నాను. ఐదింటికి తిరిగి వచ్చింది, చెప్పుల నిండా బురద. మర్నాడు, ముప్పైన, తనే బస్సెక్కి వెళ్ళి గురుకులంలో కాగితం చేతికిచ్చి రసీదు తెచ్చుకుంది. ఈసారి గడిలో యానాది అనే ఉంది. బుధవారం ట్రాక్టరు వచ్చింది. బుజ్జమ్మ ఎక్కలేదు. ట్రంకు పెట్టెతో బస్సెక్కింది.

నా సంగతి విన్న తల్లులు ఒక్కొక్కరే పదులు వేయడం మొదలుపెట్టారు. వేసిన ప్రతి తల్లీ క్యారేజీలో ఊరమిరపకాయలు పంపేది. రెండు వారాల్లో హాలు ఖాళీ అయింది, చాపలు చుట్టేశారు, బెంచీ షెడ్డులోంచి వచ్చింది, డ్రమ్మూ వచ్చింది. మస్తానయ్య తల్లి మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది. అతను ఇప్పటికీ విశ్రాంతిలోనే ఉన్నాడు. మిగతా అందరికీ టీలు అతనే తెస్తాడు.

మా కేంద్రం విజయం చూసి, ఆ ఫారాన్ని ఇతర సంస్థలకూ పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జూలై చివర్లో మణెమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. గురుకులం వాళ్ళు ఇచ్చారట. విద్యార్థిని నిద్ర, తిండి, నవ్వు, మనశ్శాంతి, పదికి ఎన్ని. సెలవుకు వచ్చినప్పుడు చూసి తల్లి ధ్రువీకరించవలెను.

బుజ్జమ్మ ఎలా ఉందని అడిగాను. మణెమ్మ అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగింది. బుగ్గలొచ్చాయట. తన పేరు తానే రాసి చూపించిందట. పడుకునే ముందు ఏవేవో పాటలు పాడి అందరినీ నవ్వించిందట.

"ఎంత వెయ్యమంటావు?" అన్నాను పెన్ను తీసి.

"రెండెయ్యక్కా."

రెండు వేస్తే ఏమవుతుందో ఆమెకు చెప్పాను. పిల్ల అలసిందని పాఠాలు ఆపించి చాప మీద పడుకోబెడతారని. మణెమ్మ పైటచెంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

"అట్నా. అయితే కాయితం మీద పదేసెయ్. నోటితో మాత్రం రెండని చెప్పు."

నాలుగు గడుల్లోనూ పది వేశాను. ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత కాగితం ఎత్తిపట్టి, వరండాలో ఉన్నవాళ్ళూ, రోడ్డు మీద పోయేవాళ్ళూ, ఇంకా ఎక్కడెక్కడ ఏ కళ్ళున్నాయో వాళ్ళందరూ వినేలా గట్టిగా చదివాను. "నిద్ర రెండు. తిండి రెండు. నవ్వు రెండు. మనశ్శాంతి రెండు."

"చిక్కి సగమైపోయిందక్కా బిడ్డ" అని మణెమ్మ అంతకంటే గట్టిగా అంది.